ఒకే పీట్ కుప్ప, రెండు పనులు: నారు ఎదగని ఒక నర్సరీ కేసు

పీట్ అంటే నీరు నిలిచిన చోట పూర్తిగా కుళ్లకుండా పొరలుగా పేరుకున్న నాచు. దాన్ని బాయిలర్‌లో మండిస్తూ, అదే పీట్‌ని ట్రేల్లో నింపి నారు పెంచుతున్న నర్సరీ ఇది. చలి దేశంలో ఉంది. సొంత పీట్ నేల, దాన్ని ఆనుకుని గ్లాస్‌హౌస్‌లు. కూరగాయల నారు, పూల నారు ప్రోట్రేల్లో, అంటే చిన్న చిన్న గదులున్న ట్రేల్లో, పెంచి అమ్ముతారు. మట్టికి బదులుగా ట్రేల్లో, కుండీల్లో నింపే మిశ్రమాలను పరీక్షించి సరిచేయడం నా వృత్తి. నన్ను పిలిచినప్పుడు యజమాని చెప్పింది ఒకటే మాట: విత్తనం మొలుస్తోంది, కానీ నారు ఎదగడం లేదు.

ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. పీట్ అంటే ఒకే పదార్థం అని నర్సరీల్లో కూడా చాలామంది అనుకుంటారు. నిజానికి ఒకే గుంతలో పైపొరకీ అడుగుపొరకీ పోలికే ఉండదు. పైది మొక్కలకు పనికొస్తుంది, అడుగుది మంటకు. మంటకు ఏ గుణాలు కావాలో సరిగ్గా అవే కుండీలో వేరుకు ఊపిరాడకుండా చేస్తాయి. ఈ తేడా తెలియక మంచి విత్తనాన్నీ, మంచి నీళ్లనీ, పనివాళ్ల శ్రమనీ పాడుచేసుకోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

నేపథ్యం

ఈ నర్సరీ చాలాకాలం బేళ్లలో (ఒత్తి కట్టిన మూటల్లో) వచ్చే లేత గోధుమరంగు పీట్ కొనుక్కునేది. కొన్నేళ్లుగా ఆ సరఫరా తగ్గుతూ వచ్చింది. దీని వెనుక పెద్ద కథే ఉంది. ఐర్లండ్‌లో 1946లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ బోర్డ్ నా మోనా దశాబ్దాల పాటు విద్యుత్ కేంద్రాలకు పీట్ తవ్వి ఇచ్చింది. 2021 జనవరిలో ఇక పీట్ తవ్వబోమని ప్రకటించింది. అక్కడి ఎడెండెర్రీ విద్యుత్ కేంద్రం 2023 చివరికల్లా పీట్ మండించడం ఆపేసింది. ఇంధనం కోసం మొదలైన తవ్వకం ఆగితే, దాని పక్కనే నడిచే తోటల పీట్ సరఫరాకూ ఇబ్బంది వస్తుంది. ఆ ఇబ్బంది ఈ నర్సరీదాకా వచ్చింది.

కొనే సరుకు దొరక్కపోవడంతో యజమాని తన షెడ్డు వైపు చూశాడు. బాయిలర్ కోసం ఏటా సొంత నేలలో పీట్ తవ్వించి, యంత్రంలో వేసి ఒత్తి, దిమ్మెలుగా ఎండబెట్టి షెడ్డులో పోస్తారు. దిమ్మెలు విరిగి రాలిన పొడి, చిన్న ముక్కలు అడుగున ఎప్పుడూ చాలా మిగులుతాయి. వాటిని జల్లెడ పట్టి ట్రేల్లో నింపడం మొదలుపెట్టారు. పీట్‌కి పులుపు ఎక్కువ కాబట్టి సున్నం వేయాలని ఆయనకు తెలుసు. సున్నానికి బదులు బాయిలర్ బూడిద కలిపించాడు.

ఆయన లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ కనిపించదు. మా నేలలోదే, మా షెడ్డులోదే, పైగా నల్లగా, మెత్తగా ఉంది. నల్లటి మట్టి బలమైన మట్టి అని పొలం పనిలో పెరిగినవాళ్లందరికీ ఒక నమ్మకం ఉంటుంది. పొలంలో అది చాలాసార్లు నిజం కూడా.

పీట్ విషయంలో మాత్రం ఆ నమ్మకం నిలవదు. పీట్ ఎరువు కాదు. అందులో నత్రజని 1 నుంచి 2 శాతం వరకు ఉన్నా, అది మొక్కకు అందే రూపంలో ఉండదు. పీట్‌ని తోటల్లో వాడేది పోషకాల కోసం కాదు. నీటినీ గాలినీ ఒకేసారి పట్టి ఉంచుతుందని వాడతాం. ఈ గుణం పోతే పీట్‌లో మొక్కకు మిగిలేది పులుపే.

ట్రేల్లో కనిపించింది

మొలక శాతం బాగానే ఉంది. మొదటి నిజమైన ఆకులు వచ్చేవరకు ఫర్వాలేదు. ఆ తర్వాత అక్కడితో ఆగిపోతుంది. కొన్ని ట్రేల్లో ఆకులు పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. మరికొన్నిటిలో ఆకు కింది వైపు ఊదారంగు తిరిగింది. ఒక ట్రే గది నుంచి మొక్కను లాగితే వేర్లు పైభాగంలోనే ముడుచుకుని ఉన్నాయి. అడుగు సగంలో ఒక్క తెల్ల వేరు కూడా లేదు, ఉన్నవి గోధుమరంగుకు తిరిగి, లాగితే పైతొక్క ఊడి వస్తున్నాయి. అడుగు నుంచి కుళ్లు వాసన.

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది ఇంకో లక్షణం. ఒకే షెడ్డులో కొన్ని ట్రేలు బురదగా ఉంటే, ఎండ తగిలే వైపు ట్రేలు ఎండిపోయి ఉన్నాయి. ఎండిన ట్రేలో మిశ్రమం కుంచించుకుపోయి గది గోడల నుంచి విడిపోయింది. పైన నీళ్లు పోస్తే మధ్యలో ఇంకకుండా పక్క సందుల్లోంచి జారిపోయి కింద పడుతున్నాయి. పనివాళ్లు నీళ్లు కారడం చూసి తడిసిందని అనుకుంటున్నారు. విరిచి చూస్తే లోపల పొడిగా ఉంది. ఎక్కువ తడి వల్ల కొన్ని, తడే అందక కొన్ని చావడం ఒకే మిశ్రమంలో జరుగుతోందంటే విత్తనాన్నో, రోగాన్నో అనుమానించే ముందు మిశ్రమాన్ని అనుమానించాలి.

నేను వచ్చేసరికే వాళ్లు విత్తనం మార్చారు, నారుకుళ్లు మందు కొట్టారు, ఎరువు పెంచారు. ఎరువు పెంచాక పరిస్థితి ఇంకా దిగజారింది. పనిచేయని వేరుకు ఉప్పు పెరిగితే జరిగేది అదే.

వేరే కారణాలను పక్కన పెట్టడం

ఒక మూల పాత బేలు కొంచెం మిగిలి ఉంది. అది ఈ కేసులో చాలా పనికొచ్చింది. అదే విత్తనం, అవే నీళ్లు, అదే బల్ల, మిశ్రమం మాత్రం పాత బేలుది. నారు చక్కగా లేచింది. దాంతో విత్తనం, నీళ్లు, వేడి, వెలుతురు అన్నీ ఒకేసారి తప్పుకున్నాయి. నీటిలో పులుపును తగ్గించే బైకార్బొనేట్ కూడా చూశాను, తక్కువే. వేర్లలో నారుకుళ్లు తెచ్చే పిథియం ఉన్న మాట నిజమే. కానీ నీరు నిలిచి గాలి ఆడని చోటికి పిథియం తర్వాత వస్తుంది. మందు కొడితే అది తగ్గినట్టు కనిపిస్తుంది, అసలు కారణం అలాగే ఉంటుంది.

పిడికిట్లో తేలిన విషయం

ఇక్కడ ఏ ల్యాబూ అక్కర్లేని ఒక పరీక్ష గురించి చెప్పాలి. స్వీడన్ భూగర్భ శాస్త్రవేత్త లెన్నార్ట్ ఫాన్ పోస్ట్ 1920ల్లో తన దేశపు పీట్ నేలలను లెక్కగట్టేటప్పుడు తయారుచేసిన కొలత ఇది. పుప్పొడి రేణువులతో ప్రాచీన వాతావరణాన్ని చదివే పద్ధతికి పునాది వేసింది కూడా ఆయనే. పరీక్ష ఇలా చేస్తారు: సహజంగా తడిగా ఉన్న పీట్‌ని పిడికెడు తీసుకుని గట్టిగా పిండాలి. వేళ్ల మధ్య నుంచి ఏం వస్తుంది, చేతిలో ఏం మిగులుతుంది అన్నది చూడాలి. దాదాపు తేట నీరు వచ్చి, చేతిలో నాచు నాచుగానే ఉంటే అది హెచ్1. కలక నీరు వచ్చి, పీట్ మాత్రం వేళ్ల మధ్య నుంచి జారకపోతే హెచ్3, హెచ్4. మూడో వంతు ముద్ద జారితే హెచ్6, సగం జారితే హెచ్7, మూడింట రెండు వంతులు జారితే హెచ్8. చేతిలో ఏమీ మిగలకుండా మొత్తం జారిపోతే హెచ్10.

ఈ అంకె చెప్పేది నాచు ఎంత చివికిపోయింది అన్న సంగతి. నా అభిప్రాయంలో పీట్ గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. పీహెచ్ (పులుపు కొలత), ఈసీ (లవణాల కొలత), తేమ అన్నీ దీని తర్వాత.

పాత బేలు పీట్‌ని నానబెట్టి పిండితే లేత టీ రంగు నీరు వచ్చింది, చేతిలో నార మిగిలింది. షెడ్డులోది ఎండిపోయిన సరుకు కాబట్టి ఈ పరీక్షకు పనికిరాదు. అందుకే తవ్వుతున్న చోటికి వెళ్లి తడి పీట్‌ని పిండాను. సగానికి పైగా నల్లటి ముద్దగా వేళ్ల మధ్య నుంచి బయటికొచ్చింది.

తవ్విన గోడ చూస్తే మిగతా కథ అర్థమైంది. పైన గడ్డివేర్ల కింద లేతరంగు పొర అంగుళాల్లో మాత్రమే మిగిలి ఉంది. దాని కింద ముదురు గోధుమరంగు, ఆ కింద నలుపు. దశాబ్దాల కిందటే పైపొర తవ్వకంలో పోయింది. ఇప్పుడు యంత్రం అందుకుంటున్నది నల్ల పొరనే. బాయిలర్‌కు అది నిజంగా మంచి సరుకు. యజమాని ఇన్నేళ్లూ బాయిలర్ విషయంలో ఏ ఫిర్యాదూ లేకుండా ఉన్నది అందుకే.

ఒకే నేలలో ఇంత తేడా ఎందుకు

పీట్ ఏర్పడేది నీరు నిలిచి గాలి ఆడని చోట. చలి ప్రాంతాల్లో ముఖ్యంగా స్ఫాగ్నమ్ అనే నాచు దీన్ని తయారుచేస్తుంది. ఈ నాచు ఆకుల్లో పచ్చని కణాల మధ్య పెద్ద పెద్ద చచ్చిన ఖాళీ కణాలుంటాయి, వాటికి రంధ్రాలుంటాయి. నీరు నిలిచేది వీటిలోనే. అందుకే నాచు తన ఎండు బరువుకు 15 నుంచి 20 రెట్ల నీటిని పట్టుకోగలదు. ఈ నాచు చుట్టూ ఉన్న నీటిని పుల్లగా కూడా మార్చేస్తుంది. పులుపు, చలి, గాలిలేమి కలిసి సూక్ష్మజీవుల పనిని దాదాపు ఆపేస్తాయి. నాచు పైన పెరుగుతూ పోతుంది, కింద చచ్చినది పూర్తిగా కుళ్లకుండా పేరుకుంటుంది. ఏడాదికి పెరిగేది సుమారు 1 మిల్లీమీటరు. మీటరు మందానికి వెయ్యేళ్లు పడతాయన్నమాట. ఉత్తర దేశాల పీట్ నేలల్లో చాలావరకు చివరి మంచుయుగం వెళ్లిపోయాక మొదలైనవే.

పైపొరలో నాచు నిర్మాణం చెక్కుచెదరదు, ఖాళీ కణాలు అలాగే ఉంటాయి. అందుకే తేలిక. ఎండు బరువు లీటరుకు 60 నుంచి 100 గ్రాములు. అడుగు పొరల్లో కణాలు చితికి, నార పోయి, మెత్తటి హ్యూమస్ ముద్ద మిగులుతుంది. దాని బరువు దీనికి రెండింతలు, అంతకన్నా ఎక్కువ. కార్బన్ శాతం కూడా పెరుగుతుంది, లేత పీట్ ఎండు పదార్థంలో సుమారు సగం ఉంటే, బాగా చివికినదానిలో 60 శాతం దగ్గరకి చేరుతుంది. బరువు, కార్బన్ రెండూ ఎక్కువ కాబట్టి షెడ్డులో తక్కువ చోటులో ఎక్కువ వేడి నిల్వ ఉంటుంది. పొయ్యికి కావలసింది ఇదే. కుండీకి కావలసిన ఖాళీలు మాత్రం ఇందులో ఉండవు.

ఈ నర్సరీలో దీనికి తోడు యంత్రం చేసిన పని కూడా ఉంది. దిమ్మెలు గట్టిగా, పగలకుండా ఉండాలని తడి పీట్‌ని లోపల బాగా నలిపి ఒత్తుతుంది. మిగిలిన కాస్త నార కూడా అక్కడ తెగిపోతుంది. అలా నలిగిన నల్ల పీట్ ఎండేటప్పుడు బాగా కుంచించుకుని గట్టిపడుతుంది, మళ్లీ నానబెట్టినా పాత రూపానికి రాదు. ఇంధనంగా ఇది వరం. వాన పడినా దిమ్మె లోపలికి నీరు వెళ్లదు. ట్రేలో పక్క సందుల్లోంచి నీళ్లు జారిపోవడానికి కారణం కూడా అచ్చంగా ఇదే గుణం.

మంచు సంగతి

పీట్ తెలిసినవాళ్లకు మంచు చేసే మేలు, కీడు రెండూ తెలుసు. ఇంధనం కోసం తవ్వేవాళ్లు వసంతంలో కోసి, వేసవిలో ఎండబెట్టి, చలికాలం రాకముందే ఇంటికి చేరుస్తారు. తడి దిమ్మె గడ్డకడితే లోపలి నీరు మంచుగా మారి ముద్దను చీల్చేస్తుంది. కరిగాక అది పొడిపొడిగా రాలిపోతుంది, మంటకు పనికిరాదు. తోటల సరుకు తయారుచేసేవాళ్లు దీనికి సరిగ్గా ఎదురు పని చేస్తారు. నల్ల పీట్‌ని తవ్వి తడిగానే చలికాలమంతా ఆరుబయట వదిలి బాగా గడ్డకట్టనిస్తారు. అలా మంచు తగిలిన నల్ల పీట్‌కి గుల్ల స్వభావం వస్తుంది, ఎండినా రాయిలా గట్టిపడదు, తిరిగి నీరు పీల్చుకుంటుంది. జర్మనీలో తోటల మిశ్రమాల్లో నల్ల పీట్ వాడుతున్నారంటే అది ఇలా మంచు పట్టించినదే.

మా కేసులో షెడ్డు సరుకు వేసవిలో ఎండి నేరుగా షెడ్డులోకి వచ్చింది. మంచు దాన్ని తాకలేదు. ఇంధనానికి ఎంత జాగ్రత్తగా సిద్ధం చేశారో, నారుకు అది అంత పనికిరాకుండా పోయింది.

కొలతలు

గాలి ఖాళీల పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. ఘనపరిమాణం తెలిసిన కుండీ తీసుకుని, అడుగు రంధ్రాలు మూసి, మిశ్రమం నింపి, పైన నీటి మెరుపు కనిపించేదాకా నెమ్మదిగా తడపాలి. కాసేపు ఉంచి రంధ్రాలు తెరిచి, కారిన నీటిని కొలవాలి. కారిన నీరు కుండీ పరిమాణంలో ఎంత శాతమో, వేరుకు దొరికే గాలి అంత శాతం. నారు మిశ్రమాలకు ఇది 10 నుంచి 20 శాతం ఉండాలి. షెడ్డు సరుకు 5 శాతం కూడా దాటలేదు.

ట్రే గది ఎత్తు తక్కువ కావడం దీన్ని ఇంకా ముదిరేలా చేసింది. నీరు కారడం ఆగిపోయాక కూడా ఏ కుండీలోనైనా అడుగున కొంత ఎత్తు వరకు మిశ్రమం పూర్తిగా నానే ఉంటుంది. ఆ ఎత్తు మిశ్రమాన్ని బట్టి ఉంటుంది, కుండీ పొడవును బట్టి కాదు. లోతైన కుండీలో అది అడుగున ఒక భాగమే. పొట్టి ట్రే గదిలో అదే సగానికి పైగా ఆక్రమిస్తుంది. అదే షెడ్డు సరుకు పోసిన పెద్ద కుండీల్లో మొక్కలు కాస్త మెరుగ్గా ఉండటం యజమానికి అంతు పట్టలేదు. కారణం ఇది.

పీహెచ్ కొలిస్తే ఒక ట్రేకీ ఇంకో ట్రేకీ పొంతన లేదు. శుద్ధమైన స్ఫాగ్నమ్ పీట్ పీహెచ్ సాధారణంగా 3.5 నుంచి 4.5 మధ్య ఉంటుంది. డోలమైట్ సున్నం కలిపి దాన్ని 5.5 నుంచి 6.2 మధ్యకు తెస్తాం. ఇక్కడ కొన్ని ట్రేలు ఇంకా 4 దగ్గరే ఉన్నాయి, కొన్ని 7 దాటాయి. బూడిద గడ్డలు పడినచోట ఒకటి, పడనిచోట ఇంకొకటి. ఈనెలు పచ్చగా మిగిలి ఆకు పాలిపోయినవన్నీ 7 దాటిన ట్రేలే, ఇనుము అందక. పీట్ బూడిద కట్టెల బూడిద లాంటిది కాదు. అందులో పొటాష్ చాలా తక్కువ. సున్నం గుణం కూడా ఏ పొర పీట్ మండించారన్న దాన్ని బట్టి మారిపోతుంది. దాన్ని నమ్ముకుని మోతాదు కట్టలేం.

షెడ్డులో పొడి కుప్పలోకి పొడవాటి థర్మామీటర్ దించితే లోపల వేడి బాగా ఎక్కువగా ఉంది. ఇది చూసి అందరికీ టెన్షన్ మొదలైంది, మొదలవ్వాలి కూడా. పీట్ పొడి కుప్పల్లో మొదట సూక్ష్మజీవుల వల్ల, ఆ తర్వాత రసాయన చర్య వల్ల వేడి పెరుగుతూ పోయి దానంతటదే అంటుకునే ప్రమాదం ఉంది. అలా లోపల ఉడికిన పీట్ మొక్కకు విషం కావచ్చు. ఆ కుప్ప మధ్య నుంచి తీసిన సరుకులో లెట్యూస్ విత్తనం వేసి చూస్తే వేరు పొట్టిగా, మొద్దుగా వచ్చింది. అదే కుప్ప అంచు సరుకులో అంత చెడ్డగా రాలేదు. కుప్పను ఆ రోజే పలచగా పరిచి, గాలి దుమారం లేని చోట చల్లారబెట్టించాను.

నిర్ధారణ

బాగా చివికిన, యంత్రంలో నలిగిన, మంచు పట్టని ఇంధన పీట్‌ని పొట్టి గదుల ట్రేల్లో వాడటం వల్ల వేరుకు గాలి అందలేదు. ఎండిన చోట తిరిగి తడవలేదు. బూడిద వల్ల పీహెచ్ అస్తవ్యస్తమైంది. పిథియం, పోషక లోపాలు వీటి ఫలితాలు.

చేసిన పని

ముందు బతికించగలిగిన నారును బతికించాం. ఎండిపోయిన ట్రేలను పైనుంచి తడపడం ఆపి, తొట్టిలో నిలబెట్టి కింద నుంచి నీరు పీల్చుకోనిచ్చాం, నీటిలో తడిపే మందు కొద్దిగా కలిపి. బురదగా ఉన్నవాటికి నీళ్లు ఆపి, వేరు పైభాగం బాగున్న మొక్కలను గుల్ల మిశ్రమంలోకి మార్చాం. అడుగు వేరంతా పోయిన ట్రేలను పారేయమని చెప్పాను. అలాంటి నారు అమ్మితే రైతు పొలంలో చచ్చిపోతుంది, నష్టం చేతులు మారుతుంది అంతే.

తర్వాత మిశ్రమం. మళ్లీ లేత పీట్ కోసం ఎక్కడో వెతకడం ఒక దారి. పాత పద్ధతి బలమైనదే, అందులో అనుమానం లేదు. 1930ల్లో లండన్ దగ్గర జాన్ ఇన్నెస్ సంస్థలో విలియం లారెన్స్, జాన్ న్యూవెల్ తయారుచేసిన కుండీ మిశ్రమంలో మంచి తోటమట్టి 7 వంతులు, పీట్ 3 వంతులు, ఇసుక 2 వంతులు. 1960ల్లో కార్నెల్ విశ్వవిద్యాలయం పీట్‌లో వర్మిక్యులైట్ లేదా పెర్లైట్ (వేడితో ఉబ్బించిన తేలికైన ఖనిజాలు) కలిపి అసలు మట్టే లేని మిశ్రమాలను ప్రచారంలోకి తెచ్చింది. నేటి నర్సరీ పరిశ్రమ అక్కడి నుంచే ఎదిగింది. అంతకు మించి నమ్మకంగా పనిచేసే సరుకు ఇన్నేళ్లలో నాకు దొరకలేదు. అయినా ఈ నర్సరీకి పీట్ లేని మిశ్రమమే సూచించాను. సరఫరా ఏటా తగ్గుతుంటే ఏటా కొత్తగా వెతుక్కోవడం నారు పెంచేవాళ్లకు కుదరదు. వెయ్యేళ్లకు మీటరు పెరిగే సరుకుని కొన్ని వారాల నారుకు వాడటం నాకు మనసొప్పని సంగతి కూడా, దాన్ని యజమానితో దాచలేదు.

చివరికి కుదిరిన ట్రే మిశ్రమంలో ఎక్కువ భాగం కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), దాని తర్వాత కర్రనార, కొద్దిగా బాగా మాగిన మెత్తటి బెరడు. ఒక్కొక్కదానికి ఒక్కో షరతు ఉంది.

కోకోపీట్‌లో సోడియం, పొటాషియం, క్లోరైడ్ ఉండవచ్చు. ఒట్టి నీటితో కడిగితే నీటిలో ఉన్న ఉప్పు పోతుంది కానీ పీచు రేణువులకు అంటుకున్న సోడియం, పొటాషియం పోవు. కాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెడితే కాల్షియం వాటి స్థానంలోకి వెళ్లి వాటిని బయటికి తోస్తుంది, అప్పుడు కడిగేయాలి. ఇలా చేయని కోకోపీట్ మొదటి వారాల్లో మొక్కకు వేసిన కాల్షియంను తానే లాగేసుకుంటుంది. పీహెచ్ మాత్రం 5.5 నుంచి 6.5 మధ్య ఉంటుంది కాబట్టి సున్నం బెడద దాదాపు లేదు. పీట్‌కి వేసిన అలవాటుతో దీనికీ సున్నం వేస్తే పీహెచ్ హద్దు దాటిపోతుంది.

కర్రనార గాలిని బాగా ఇస్తుంది. అయితే దాన్ని తినే సూక్ష్మజీవులు నత్రజనిని పట్టేసుకుంటాయి. అందుకే మొదటి నుంచే నత్రజని కొంత అదనంగా ఇవ్వాలి. తోట చెత్త కంపోస్టు వాడదామని యజమాని అడిగాడు. దానిలో లవణాలు ఎక్కువ, నారు ట్రేలకు వద్దన్నాను. పెద్ద కుండీల్లో నాలుగో వంతు వరకు ఫర్వాలేదు.

నీళ్లు పెట్టే పద్ధతి మార్చడమే అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకుంది. పీట్ ఎండితే రంగు తేలుతుంది, పనివాళ్ల కన్ను ఏళ్ల తరబడి దానికి అలవాటు పడింది. కోకోపీట్ పైపొర తొందరగా ఎండి లేతగా కనిపిస్తుంది, లోపల మాత్రం తడి ఉంటుంది. రంగు చూసి నీళ్లు పెడితే మళ్లీ వేరు మునుగుతుంది. అందుకని ట్రేను చేత్తో ఎత్తి బరువు చూసి నీళ్లు పెట్టమన్నాం. బాగా తడిసిన ట్రే ఒకటి, నీళ్లకు సిద్ధంగా ఉన్న ట్రే ఒకటి పక్కపక్కన పెట్టి, రోజూ పని మొదలయ్యే ముందు రెండూ ఎత్తి చూడటం అలవాటు చేశారు. నీళ్లు పెట్టే పెద్దావిడ అందరికన్నా ముందు పట్టేసింది. తర్వాత మిగతావాళ్లకు నేర్పింది కూడా ఆవిడే.

బాయిలర్ వైపు

ఇది నా పరిధి కాకపోయినా, కుప్ప ఒకటే కాబట్టి మాట్లాడక తప్పలేదు. పీట్ నేలలోంచి తీసినప్పుడు అందులో 90 శాతం నీరే. దిమ్మెలు ఎండి 35 శాతం తేమకు వచ్చాక కిలోకు సుమారు 12 నుంచి 13 మెగాజౌళ్ల వేడి వస్తుంది. సగం నీరుండగానే మండిస్తే అది 9 దగ్గరకు పడిపోతుంది, ఉన్న వేడిలో కొంత ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది కాబట్టి. వాతావరణ మార్పుపై అంతర్‌ప్రభుత్వ సంఘం 2006 మార్గదర్శకాల ప్రకారం ఒక గిగాజౌల్ వేడికి పీట్ నుంచి 106 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మామూలు నేలబొగ్గుకు 94.6, సహజవాయువుకు 56.1. బొగ్గుకన్నా తక్కువ వేడి, బొగ్గుకన్నా ఎక్కువ కార్బన్ డయాక్సైడ్.

తవ్విన నేల కథ మంటతో ఆగదు. పీట్ తీయాలంటే ముందు కాలువలు తవ్వి నీరు దించాలి. నీరు దిగితే గాలి చొరబడుతుంది, వేల ఏళ్లు ఆగిన కుళ్లు మళ్లీ మొదలవుతుంది. ఎవరూ తవ్వకపోయినా నేల కుంగిపోతూనే ఉంటుంది. ఇంగ్లండ్‌లో హోమ్ ఫెన్ దగ్గర 1850ల ప్రారంభంలో ఒక ఇనుప స్తంభాన్ని తల నేలమట్టానికి ఉండేలా పీట్‌లో దించారు. పక్కనున్న సరస్సు నీటిని తోడేశాక నేల ఎంత కుంగుతుందో చూడటానికి. ఇప్పుడు ఆ స్తంభం దాదాపు 4 మీటర్లు బయటికి ఉంది. భూమి మీద ఉన్న నేలలో పీట్ నేలలు 3 నుంచి 4 శాతమే, కానీ ప్రపంచంలోని అడవులన్నిటి చెట్లలో ఉన్నదానికన్నా ఎక్కువ కార్బన్ వాటిలో ఉంది. ఈ లెక్క యజమాని ముందు పెట్టినప్పుడు ఆయన అడిగిన ప్రశ్న నాకు నచ్చింది: "మరి ఇప్పుడు మిగిలినదాన్ని కాపాడుకోవడానికి ఏం చేయొచ్చు?"

సమాధానం కాలువలు మూయడం. తవ్వకం ఆగిన వైపు కాలువల్లో అంచెలంచెలుగా అడ్డుకట్టలు వేశారు, కట్టలకు ఆ నేలలోని నల్ల పీట్‌నే వాడారు. చివికిన పీట్ నీటిని దాటనివ్వదు, ట్రేలో ప్రాణం తీసిన గుణం ఇక్కడ బాగా పనికొచ్చింది. నీటిమట్టం ఉపరితలానికి దగ్గరగా నిలిచాక నాచు ముక్కలు చల్లి పైన గడ్డి పరిచారు, కెనడాలో తవ్వేసిన పీట్ నేలలపై ఏళ్లుగా వాడుతున్న పద్ధతి ఇది. తడిపిన కొత్తలో మీథేన్ పెరుగుతుంది. అయినా ఎండబెట్టి వదిలేసిన నేలకన్నా మొత్తం మీద వాతావరణానికి ఇదే మేలు.

అప్పటికే కోసి ఎండబెట్టిన దిమ్మెలను ఆ చలికాలం బాయిలర్‌లో వాడేసి, తర్వాత కర్రముక్కల ఇంధనానికి మారారు. కొత్త కోత వేయలేదు.

ఫలితం

కొత్త మిశ్రమంలో మొదటి విడత నారులో ఆకులు కొంచెం పాలిపోయాయి. కర్రనార నత్రజని తీసుకుంటుందని లెక్కేసిందే, ద్రవ ఎరువులో నత్రజని కాస్త పెంచితే సర్దుకుంది. తర్వాతి విడతల్లో నారు ఆగిపోవడం కనిపించలేదు. గది నుంచి లాగితే వేరు కట్ట విడిపోకుండా ఒక్కటిగా వస్తోంది, అడుగుదాకా తెల్ల వేర్లు ఉన్నాయి. నారుకుళ్లు మందు అవసరం బాగా తగ్గింది. తూకంలో చూస్తే ట్రేలు పాతవాటికన్నా తేలిక, మోసేవాళ్లు దీన్ని అందరికన్నా ముందు గమనించారు.

పులుపు నేల కోరే మొక్కలు, బ్లూబెర్రీ, అజీలియా లాంటివి, ఈ మిశ్రమంలో బాగుండవు. వాటికి పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య కావాలి. వాటి కోసం మిగిలిన పాత బేలును పక్కన పెట్టి, అది అయ్యేలోగా మాగిన పైన్ బెరడు మిశ్రమాన్ని ఒక బల్ల మీద పరీక్షకు పెట్టాం. షెడ్డులో మిగిలిన నల్ల పొడిని మంచు పట్టించి కుండీలకు వాడదామా అని యజమాని అడిగాడు. ఒకసారి ఎండి గట్టిపడిన పీట్‌కి మంచు పట్టించినా గుల్లతనం రాదు, తడిగా ఉన్నప్పుడే గడ్డకట్టాలి. దాన్ని బాయిలర్‌కే పంపించాం.